నీళ్ళలో రాగిని చూపించే వెలుగు జెల్: తయారీ, పరీక్ష, వేరుచేయడం

మా బాబాయి మేడికొండూరు వైపు మిరప వేస్తాడు. ఒకరోజు మధ్యాహ్నం గుంటూరులో మా ల్యాబుకి లీటరు సీసా పట్టుకుని వచ్చాడు. "ఏరా, మందు డ్రమ్ములు కడిగిన నీళ్ళన్నీ చేను పక్క గుంటలోకే పోతున్నాయి. గొర్రెలు అక్కడే తాగుతున్నాయి. రాగి ఉందా లేదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. ఆయన భయం సబబే. మిరపకు కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో ఉండేది రాగే. పశువుల్లో రాగి ఎక్కువైతే ముందు దెబ్బతినేవి గొర్రెలే.

అప్పటికి మా దగ్గర ఆకుపచ్చగా వెలిగే జెల్ పూసిన కాగితం బిళ్ళలు సిద్ధంగా ఉన్నాయి. ఒక బిళ్ళ మీద ఆ నీళ్ళు ఒక చుక్క వేసి, ఆరాక యూవీ దీపం కింద పెట్టాను. వత్తి నొక్కేసినట్టు ఆ బిళ్ళ ఆరిపోయింది. "ఉంది బాబాయ్" అనేశాను. ఆ మాట తొందరపాటు. ఆ ఉదయం ఆయన కడిగింది రాగి మందు డ్రమ్ము కాదు, 19-19-19 ఎరువు కలిపిన డ్రమ్ము. నా జెల్‌ను ఆర్పింది ఆ ఎరువులోని ఫాస్ఫేట్. తెల్లారి ఆయన ఫోన్‌లో మాటల మధ్య ఎరువు సంగతి చెప్పేదాకా నాకు అనుమానమే రాలేదు.

అందుకే ఈ మార్గదర్శిలో తయారీ కంటే ఆ తర్వాత చేయాల్సిన పరీక్షల మీదే ఎక్కువసేపు ఉంటాను. జెల్ చేయడం ఒక పూట పని. అది ఆరిపోయినప్పుడు ఆర్పింది ఎవరో తేల్చడమే అసలు పని. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లలను, డిగ్రీ కాలేజీ లెక్చరర్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

ఈ జెల్ లోపల ఏముంది

చైనా గ్రాస్ వేడి నీళ్ళలో కరుగుతుంది, చల్లారితే గడ్డకడుతుంది, మళ్ళీ వేడిచేస్తే మళ్ళీ కరుగుతుంది. కోడిగుడ్డు అలా కాదు, ఉడికిందంటే వెనక్కి రాదు. సుప్రామాలిక్యులర్ జెల్ చైనా గ్రాస్ బాటలో నడిచేదే. తేడా ఏమిటంటే, ఇక్కడ గడ్డకట్టించేవి పొడవాటి పాలిమర్లు కావు, చిన్న అణువులు. అవి హైడ్రోజన్ బంధాలతో, లోహ అయాన్ల పట్టుతో, నీటికి ముఖం చాటేసే భాగాల సాయంతో ఒకదానికొకటి అతుక్కుని సన్నని పోగులవుతాయి. ఆ పోగులు వలలా అల్లుకుంటే నీళ్ళు ఆ వలలో ఇరుక్కుపోతాయి. నూటికి 99 వంతులు నీళ్ళే ఉన్నా, సీసా తిరగేస్తే కారదు. అణువుల మధ్య ఇలాంటి బలహీనమైన బంధాల రసాయనశాస్త్రానికి బాట వేసినందుకే 1987లో పెడర్సన్, క్రామ్, లేన్‌లకు నోబెల్ వచ్చింది.

బలహీనమైన బంధాలు కావడమే మనకు లాభం. బయటి నుంచి ఒక అయాన్ వచ్చి ఏదో ఒక ముడి దగ్గర వేలు పెడితే చాలు, వెలుగు మారుతుంది, ఒక్కోసారి జెల్ మొత్తమే కూలిపోతుంది. ఆ మార్పే మనకు సమాచారం.

నేను ఇక్కడ తీసుకున్నది టెర్బియం కోలేట్ జెల్. కోలేట్ అంటే పిత్తరసంలో ఉండే లవణం. దాని అణువుకు ఒక వైపు నీరంటే ఇష్టం, ఇంకో వైపు నీరంటే పడదు. సోడియం కోలేట్‌కు టెర్బియం లాంటి లాంథనైడ్ (అరుదైన మృత్తిక లోహాల కుటుంబం) అయాన్ కలిపితే నీళ్ళలోనే జెల్ కడుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉదయ్ మైత్రా బృందం ఈ లాంథనైడ్ కోలేట్ జెల్స్ మీద చాలా పని చేసింది. పొడవాటి సింథసిస్ అక్కర్లేదు, కంపు కొట్టే ద్రావణులు అక్కర్లేదు. మన కాలేజీలకు దీనికంటే అనువైన జెల్ నాకు కనిపించలేదు.

వెలుగు సంగతి. టెర్బియం తనంతట తాను కాంతిని చాలా తక్కువ పీలుస్తుంది. పక్కన ఒక ఆరోమాటిక్ అణువు (బెంజీన్ లాంటి వలయాలున్నది) ఉండి, అది యూవీని పీల్చి ఆ శక్తిని టెర్బియానికి అందిస్తే అప్పుడు 545 నానోమీటర్ల దగ్గర చక్కటి ఆకుపచ్చ వెలుగు ఇస్తుంది. యాంటెన్నా అంటాం దీన్ని. యూరోపియం కాంప్లెక్సుల్లో ఈ సంగతిని 1942లో వైస్‌మన్ చూపించాడు. మన యాంటెన్నా 2,3-డైహైడ్రాక్సీనాఫ్తలీన్, ల్యాబ్ భాషలో డీహెచ్‌ఎన్. మాట పట్టింపు ఉన్నవాళ్ళు టెర్బియం వెలుగును ఫ్లోరసెన్స్ అనరు, లూమినిసెన్స్ అంటారు. వాళ్ళ మాటే నిజం. టెర్బియం వెలుగు మిల్లీసెకన్ల పాటు నిలుస్తుంది, మామూలు ఫ్లోరసెన్స్ నానోసెకన్లలో అయిపోతుంది. ఈ తేడా కొలతల దగ్గర మనకు పనికొస్తుంది.

కావలసినవి

సోడియం కోలేట్, టెర్బియం అసిటేట్, డీహెచ్‌ఎన్, మిథనాల్, కాపర్ సల్ఫేట్, హెపిస్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచేది), వాట్‌మన్ 1 ఫిల్టర్ పేపర్, మూత ఉన్న చిన్న గాజు వయల్స్, మైక్రోపిపెట్, నీటి తొట్టి రకం సోనికేటర్ (శబ్ద తరంగాలతో కుదిపే పరికరం). వేరుచేసే పనికి సోడియం ఆల్జినేట్, కాల్షియం క్లోరైడ్. టెర్బియం ఖరీదు చూసి భయపడకండి. 10 మి.లీ. జెల్‌కు 17 మిల్లీగ్రాముల చిల్లర చాలు, దాంతో వందల బిళ్ళలు వస్తాయి.

దీపం విషయంలో మాత్రం జాగ్రత్త. బీసెంట్ రోడ్డులో నోట్లు చూసే టార్చ్ అని అమ్మేవాటిలో చాలావరకు 395 నానోమీటర్లవి. ఊదారంగు వెలుగు బాగా కనిపిస్తుంది కానీ డీహెచ్‌ఎన్ ఆ కాంతిని పీల్చదు. అది పీల్చేది 320 చుట్టుపక్కల. టీఎల్‌సీ (పలుచటి పొర క్రోమటోగ్రఫీ) ప్లేట్లు చూసే క్యాబినెట్‌లో 254, 365 రెండూ ఉంటాయి. రెండింటి కిందా పెట్టి, ఏది బాగా వెలిగిస్తే అది వాడండి. 254 కాంతి గాజు వయల్ గోడను దాటి సరిగా లోపలికి రాదు కాబట్టి వయల్‌ను పైనుంచి మూత తీసి చూడాలి, లేదా కాగితం మీద చూడాలి. కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా ఆ దీపం వెలిగించొద్దు. 254 కాంతి కళ్ళకు చేసే హాని అప్పటికప్పుడు తెలియదు, రాత్రికి తెలుస్తుంది.

జెల్ కట్టించడం

ముందు మూడు స్టాకులు చేసుకోండి. సోడియం కోలేట్ 323 మి.గ్రా. తూచి 25 మి.లీ. నీళ్ళలో కరిగిస్తే 30 మిల్లీమోలార్ వస్తుంది. టెర్బియం అసిటేట్ 10 మిల్లీమోలార్ కావాలి. నీరు లేని లవణం లెక్కన 10 మి.లీ.కి 33.6 మి.గ్రా., కానీ సీసాలో ఉండేది హైడ్రేట్. సీసా మీద రాసిన అణుభారంతో మీరే లెక్క వేసుకోండి. ఇక్కడ తప్పు వేస్తే టెర్బియం తక్కువై జెల్ పలచగా వస్తుంది. డీహెచ్‌ఎన్ 16 మి.గ్రా. 10 మి.లీ. మిథనాల్‌లో కరిగిస్తే 10 మిల్లీమోలార్. ఈ సీసాకు రేకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. గాలికి, వెలుతురుకు గోధుమరంగు తిరుగుతుంది. రంగు తిరిగిన స్టాక్ పారేయాల్సిందే.

ఇప్పుడు 10 మి.లీ. కోలేట్ ద్రావణంలో 100 మైక్రోలీటర్ల డీహెచ్‌ఎన్ కలపండి. శుభ్రమైన వయల్‌లో ఈ మిశ్రమం 500 మైక్రోలీటర్లు తీసుకుని, దానిమీద టెర్బియం ద్రావణం 500 మైక్రోలీటర్లు ఒక్కసారిగా వేసి, వెంటనే సోనికేటర్‌లో అర నిమిషం ఉంచండి. చివరికి లోపల కోలేట్ 15, టెర్బియం 5 మిల్లీమోలార్, డీహెచ్‌ఎన్ 50 మైక్రోమోలార్ ఉంటాయి. వేయగానే తెల్లగా మసక వస్తుంది, కంగారు పడకండి. సోనికేటర్‌లో ఆ మసక విడిపోయి వయల్ అంతా సమానంగా పరుచుకుంటుంది. తీసి బల్లమీద పెట్టి అరగంట కదిలించకండి.

తర్వాత తిరగేయండి. లేత తాటిముంజు లోపలి గుజ్జులా, కాస్త పాలవన్నెలో, కారకుండా పైనే నిలబడాలి. దీపం కింద పెడితే వయల్ అంతా పచ్చగా వెలుగుతుంది. మొదటిసారి చూసిన విద్యార్థి ఎవరైనా ఒక్క క్షణం మాట్లాడకుండా ఉండిపోతారు. నేను ఇప్పటికీ ఆ క్షణం కోసం గది లైటు ఆర్పుతాను.

జెల్ రాకపోతే మూడు కారణాలు వెతకండి. పీహెచ్ తగ్గి ఉంటుంది, ఆమ్లంలో కోలిక్ ఆమ్లం తెల్లగా విడిపోతుంది. లేదా వయల్స్ కడిగిన డిటర్జెంట్ మిగిలి ఉంటుంది, డిటర్జెంట్లలో ఫాస్ఫేట్లు, లోహాలను పట్టే పదార్థాలు ఉండొచ్చు. లేదా నీళ్ళు. క్యాన్ నీళ్ళతో చేయొద్దు. బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్ కూడా నమ్మొద్దు. ల్యాబులో రెండుసార్లు డిస్టిల్ చేసినదే వాడండి.

జెల్ గట్టిదనం తెలియాలంటే తిరగేసిన వయల్‌ను నీటి తొట్టిలో పెట్టి నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడిచేయండి. ఏ డిగ్రీ దగ్గర జారడం మొదలైందో రాసుకోండి. అలాగే సాంద్రత సగానికి, పావుకు తగ్గించుకుంటూ వెళ్ళి ఎక్కడిదాకా గడ్డకడుతుందో చూడండి. ఈ రెండు అంకెలూ ప్రతి కొత్త బ్యాచ్‌కూ తీస్తే కెమికల్ పాడైన సంగతి ముందే తెలిసిపోతుంది.

నాలుగు వయల్స్ తప్పనిసరి

ఇది దాటేసి ముందుకు పోయే ప్రాజెక్టులు చాలా చూశాను. ఒకదానిలో కోలేట్, టెర్బియం మాత్రమే, యాంటెన్నా లేకుండా. రెండోదానిలో కోలేట్, డీహెచ్‌ఎన్ మాత్రమే, టెర్బియం లేకుండా. మూడోదానిలో టెర్బియం, డీహెచ్‌ఎన్ ఉత్త నీళ్ళలో. నాలుగోదానిలో అన్నీ. నాలుగూ పక్కపక్కన దీపం కింద పెట్టండి. మొదటిది జెల్ కడుతుంది కానీ వెలుగు అంతంతమాత్రం. రెండోది గడ్డకట్టదు, ఆకుపచ్చ ఉండదు. మూడోదానిలో టెర్బియం, యాంటెన్నా ఉన్నా వాటిని దగ్గరికి చేర్చే వల లేదు. నాలుగోదే వెలగాలి. ఈ తేడా కనిపించకపోతే మీ దీపమో, మీ డీహెచ్‌ఎన్నో తప్పు. అక్కడే ఆగి సరిచేసుకోండి.

కాగితం బిళ్ళలు

వయల్‌లో జెల్ చూడటానికి అందంగా ఉంటుంది కానీ కొలతకు కష్టం. జెల్ కాంతిని చెల్లాచెదురు చేస్తుంది, పైనుంచి వేసిన చుక్క లోపలికి ఇంకడానికి గంటలు పడుతుంది. కాగితం మీదైతే ఒక్క చుక్కతో పని అవుతుంది.

ఆఫీసుల్లో వాడే పేపర్ పంచ్‌తో ఫిల్టర్ పేపర్‌కు బిళ్ళలు కొట్టండి. మామూలు తెల్ల కాగితం వద్దు. దానిలో మెరుపు కోసం కలిపే రసాయనాలు యూవీ కింద నీలంగా వెలిగి మన పచ్చదనాన్ని మింగేస్తాయి. సోనికేటర్ నుంచి తీసిన మిశ్రమం గడ్డకట్టక ముందే ఒక్కో బిళ్ళ మీద 5 మైక్రోలీటర్లు వేసి, గాజు పలక మీద నీడలో ఆరనివ్వండి. అంచుల్లో వెలుగు ఎక్కువ, మధ్యలో తక్కువగా వస్తే చుక్క మరీ పెద్దదైందన్నమాట.

రాగి స్టాక్‌కు కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ 249.7 మి.గ్రా. 100 మి.లీ. నీళ్ళలో కరిగిస్తే 10 మిల్లీమోలార్. దాన్ని పలచన చేసి 5, 10, 20, 50, 100, 200 మైక్రోమోలార్ ప్రమాణ ద్రావణాలు చేసుకోండి. అన్నింటికీ హెపిస్‌తో పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య ఉండాలి. ఫాస్ఫేట్ బఫర్ వాడితే పరీక్ష మొదలవకముందే అయిపోతుంది. ఒక్కో ద్రావణం 5 మైక్రోలీటర్లు బిళ్ళ మీద వేసి, ఆరాక చూడండి. ప్రతిదానికీ మూడేసి బిళ్ళలు, ఉత్త బఫర్ వేసిన బిళ్ళలు కనీసం పది.

ఒక చిన్న లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ లెక్కలోనే పద్ధతి బలం, బలహీనత రెండూ ఉన్నాయి. తాగునీటి భారత ప్రమాణంలో రాగికి కోరదగిన హద్దు లీటరుకు 0.05 మి.గ్రా., వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 మి.గ్రా. దాకా ఒప్పుకుంటారు. 1.5 అంటే సుమారు 24 మైక్రోమోలార్. బిళ్ళ మీద వేసిన 5 మైక్రోలీటర్లలో రాగి 120 పికోమోల్స్ ఉంటుంది. అదే బిళ్ళలో డీహెచ్‌ఎన్ 250 పికోమోల్స్. డీహెచ్‌ఎన్‌లో ఉన్నలాంటి పక్కపక్క హైడ్రాక్సిల్ జంట అంటే రాగికి గట్టి పట్టు. సగం యాంటెన్నాలను పట్టుకునేంత రాగి ఉంది కాబట్టి మార్పు కంటికి కనపడే అవకాశం ఉంది. కానీ 0.05 మి.గ్రా. దగ్గర అదే చుక్కలో రాగి 4 పికోమోల్స్ మాత్రమే. బిళ్ళ మీద నేరుగా చూసి 0.05 తేల్చానని ఎవరైనా అంటే నేను నమ్మను. ముందు రాగిని చిక్కబరచాలి, ఆ దారి కిందికి వస్తుంది. ఇంకో ఉపాయం డీహెచ్‌ఎన్‌ను తగ్గించడం. 20 మైక్రోమోలార్‌తో ఒక వరుస, 10తో ఒక వరుస బిళ్ళలు చేసి, వెలుగు సరిపోతూనే మార్పు ఎక్కువ కనిపించే చోటు వెతకండి.

కొలవడం

స్పెక్ట్రోఫ్లోరోమీటర్ అందుబాటులో ఉంటే ముందు 545 దగ్గర వెలుగు చూస్తూ ఏ కాంతితో బాగా వెలుగుతుందో స్కాన్ చేయండి. ఆ తర్వాత ఆ కాంతితో 450 నుంచి 650 దాకా వర్ణపటం తీయండి. టెర్బియానికి 490, 545, 585, 620 దగ్గర నాలుగు శిఖరాలు వస్తాయి, 545 అన్నింటికంటే ఎత్తు. 320తో వెలిగించినప్పుడు దానికి రెట్టింపైన 640 దగ్గర ఒక దొంగ శిఖరం రావచ్చు, అది పరికరం గ్రేటింగ్ పుణ్యం. పరికరంలో ఆలస్యపు కొలత ఉంటే దీపం ఒక్కసారి మెరిసి ఆరిన 0.1 మిల్లీసెకను తర్వాత కొలవమని పెట్టండి. కాగితం వెలుగు, మురికి వెలుగు అన్నీ అప్పటికి ఆరిపోయి టెర్బియం ఒక్కటే మిగులుతుంది.

పరికరం లేకపోతే ఫోన్ చాలు. అట్టపెట్టెకు లోపల నల్ల చార్ట్ అంటించి, పైన ఫోన్‌కు రంధ్రం, పక్కన దీపం. ఫోన్ ప్రో మోడ్‌లో ఎక్స్‌పోజర్, ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. ఆటోలో వదిలేస్తే బిళ్ళ మసకబారిన కొద్దీ ఫోన్ తనే వెలుగు పెంచి ఫలితాన్ని చెరిపేస్తుంది. ఫోటోలో ఆకుపచ్చ విలువను ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌తో తీయండి. ప్రతి ఫోటోలో మీ ప్రమాణ బిళ్ళలు కూడా ఉండాలి.

రాగి లేనప్పటి వెలుగును రాగి ఉన్నప్పటి వెలుగుతో భాగించి, రాగి సాంద్రతతో గ్రాఫు గీయండి. తక్కువ సాంద్రతల దగ్గర సరళరేఖ వస్తే దాన్నే స్టెర్న్, వోల్మర్ రేఖ అంటాం. ఉత్త బఫర్ బిళ్ళలకు కూడా ఇదే నిష్పత్తి తీసి, ఆ పది విలువల ప్రామాణిక విచలనాన్ని మూడు రెట్లు చేసి, రేఖ వాలుతో భాగిస్తే మీ గుర్తింపు హద్దు వస్తుంది. ఎక్కువ సాంద్రతల దగ్గర రేఖ వంగితే వంగనివ్వండి. ఆ చుక్కలు తీసేసి నిటారుగా చూపించొద్దు.

ఇంకో మాట, మన ఊళ్ళ ఎండ గురించి. మే నెలలో బెజవాడ గదిలో 38 డిగ్రీల దగ్గర తీసిన రీడింగును జనవరి ఉదయం తీసిన రేఖతో పోల్చకూడదు. వేడికి వెలుగు తగ్గుతుంది, అది రాగి లెక్కలో పడిపోతుంది. ఏసీ గదిలో చేయండి, లేదా అదే పూట, అదే గదిలో ప్రమాణాలు కూడా మళ్ళీ చేయండి. కరెంటు పోయి వచ్చిన వెంటనే దీపం స్థిరంగా ఉండదు, పావుగంట ఆగండి.

ఆరిపోయింది సరే, ఆర్పింది ఎవరు

వెలుగు ఆర్పడానికి రాగికి రెండు దారులున్నాయి, యాంటెన్నాను పట్టేసుకోవడం ఒకటి, దగ్గరికి వచ్చిన శక్తిని తనే మింగేయడం రెండోది. కానీ ఇనుము కూడా యాంటెన్నాను పడుతుంది, పట్టి రంగు కూడా తెస్తుంది. ఫాస్ఫేట్, ఫ్లోరైడ్, కార్బొనేట్ టెర్బియాన్ని కరగని లవణాలుగా లాగేస్తాయి. లోహాలను గట్టిగా పట్టే ఈడీటీఏ అయితే టెర్బియాన్ని వల నుంచి పీకేస్తుంది. మన రైతులు కొట్టే జింక్ ఈడీటీఏ గుర్తుందిగా. కంటికి మాత్రం అన్నీ ఒకేలా ఆరిపోతాయి.

బాబాయి సీసా లెక్క ఇప్పుడు వేసి చూడండి. లీటరుకు 5 గ్రాములు కలిపిన 19-19-19లో ఫాస్ఫేట్ సుమారు 13 మిల్లీమోలార్. ఒక్క 5 మైక్రోలీటర్ల చుక్కలో 67 నానోమోల్స్. బిళ్ళలో ఉన్న టెర్బియం మొత్తం 25 నానోమోల్స్. కడిగిన నీళ్ళలో పలచబడినా సరే, జెల్ కుప్పకూలడానికి అది చాలు. ఆ బిళ్ళను తర్వాత భూతద్దంతో చూస్తే చుక్క పడ్డ చోట సున్నం చల్లినట్టు తెల్లటి పొడి ఉంది. రాగి ఆర్పిన బిళ్ళ మీద ఆ తెలుపు ఉండదు. మొదటిరోజే భూతద్దం పెట్టి ఉంటే ఆ మాట అనేవాణ్ణి కాదు.

అదే లెక్క ఫ్లోరైడ్‌కు వేస్తే భయం తగ్గుతుంది. లీటరుకు 1.5 మి.గ్రా. ఫ్లోరైడ్ అంటే 79 మైక్రోమోలార్, చుక్కలో 0.4 నానోమోల్. 25 నానోమోల్స్ టెర్బియం ముందు అది చిన్నది. అయినా పల్నాడు, ప్రకాశం బోరు నీళ్ళయితే ఫ్లోరైడ్ ఒక్కదాన్నే వేసిన బిళ్ళ పక్కన పెట్టుకోండి.

కాబట్టి ప్రతి కొత్త నీటి నమూనాకూ ఈ వరస పాటించండి. మొదట ఫిల్టర్ చేసి పీహెచ్ చూడండి. ఆ తర్వాత ఫాస్ఫేట్ ఉందేమో అమ్మోనియం మాలిబ్డేట్, ఆస్కార్బిక్ ఆమ్లంతో చూడండి, నీలం వస్తే ఉన్నట్టు. మూడోది అడ్డంకుల పరీక్ష: కాల్షియం, మెగ్నీషియం, సోడియం, జింక్, ఇనుము, క్లోరైడ్, బైకార్బొనేట్, ఫాస్ఫేట్, ఒక్కోటి విడిగా ఒక బిళ్ళ మీద, తర్వాత ప్రతిదానితో 20 మైక్రోమోలార్ రాగి కలిపి ఇంకో బిళ్ళ మీద. రెండో వరుస ఎందుకంటే, కొన్ని అయాన్లు తాము ఆర్పకపోయినా రాగిని పనిచేయనివ్వవు.

నాలుగోది నాకు అన్నింటికంటే నమ్మకమైనది. బందరు కాలువ నీళ్ళు తీసుకున్నారనుకోండి. వాటికి తెలిసినంత రాగి మీరే కలిపి, మీ పద్ధతి ఎంత చూపిస్తుందో చూడండి. 20 మైక్రోమోలార్ కలిపితే 16 నుంచి 24 మధ్య చెబితే పద్ధతి ఆ నీళ్ళకు పనికొస్తుంది. 8 చెప్పిందంటే ఆ నీళ్ళలోని ఏదో రాగిని కట్టేస్తోంది. శుద్ధ నీళ్ళలో గీసిన అందమైన రేఖకు కాలువ నీళ్ళలో విలువ లేదు.

వేరుచేయడం, చిక్కబరచడం

టెర్బియం జెల్‌నే నీళ్ళలో వేసి రాగిని లాగొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. లాగొచ్చు, కానీ ఖరీదైన టెర్బియం నీళ్ళలోకి కారుతుంది. వేరుచేయడానికి నేను ఆల్జినేట్ గుళికలే వాడతాను. ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి వచ్చే పాలిమర్, అందుకని పట్టింపు ఉన్నవాళ్ళు దీన్ని మొదటి జెల్ కులంలో కలపరు. కానీ దాని ముడులు కూడా లోహ అయాన్లు వేసినవే, విప్పి కట్టగలిగినవే. పైగా ఆల్జినేట్ కాల్షియం కంటే రాగిని గట్టిగా పట్టుకుంటుంది. కాల్షియాన్ని వదిలి రాగిని తీసుకుంటుంది.

సోడియం ఆల్జినేట్ 2 గ్రాములు 100 మి.లీ. నీళ్ళలో, తిరుగుతున్న నీళ్ళ మీద కొంచెం కొంచెంగా చల్లుతూ కలపండి. ఒకేసారి పోస్తే ఉప్మాలో రవ్వలా ఉండలు కడుతుంది. రాత్రంతా వదిలేస్తే బుడగలు పోతాయి. పొద్దున సిరంజితో, జానెడు ఎత్తు నుంచి, 2 శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి చుక్కలు చుక్కలుగా వదలండి. సగ్గుబియ్యం ఉడికినట్టు గుండ్రంగా, పారదర్శకంగా గుళికలు తయారవుతాయి. తోకలు వస్తుంటే ఎత్తు మార్చండి. గంటసేపు అందులోనే ఉంచి, నీళ్ళతో మూడుసార్లు కడగండి.

గ్రాము తడి గుళికలను 50 మి.లీ. 1 మిల్లీమోలార్ రాగి ద్రావణంలో వేసి గంట ఊపితే గుళికలు లేత నీలమవుతాయి. పైనున్న ద్రావణాన్ని పలచన చేసి బిళ్ళల మీద కొలవండి. మొదటి సాంద్రత నుంచి మిగిలినది తీసేసి, మొదటిదానితో భాగిస్తే ఎంత శాతం తీసిందో వస్తుంది. ఎండిన గుళికల బరువుతో లెక్క కట్టాలి, తడి బరువులో దాదాపు అంతా నీళ్ళే.

తక్కువ రాగి ఉన్న నీళ్ళకు ఇవే గుళికలు చిక్కబరిచే సాధనం. 500 మి.లీ. నీళ్ళను గుళికల గొట్టం గుండా నెమ్మదిగా దించి, పట్టిన రాగిని 0.1 మోలార్ నైట్రిక్ ఆమ్లం 5 మి.లీ.తో దించుకుంటే రాగి మొత్తం దిగిన లెక్కన నూరు రెట్లు చిక్కబడుతుంది. పీహెచ్ 6.5 దాకా సరిచేశాకే బిళ్ళ మీద వేయండి, ఆమ్లం మీద వేస్తే కోలేట్ చచ్చిపోతుంది. ఆ ఆమ్లంలోకి గుళికల కాల్షియం కూడా దిగుతుంది. కాబట్టి శుద్ధ నీళ్ళు దించిన గుళికల నుంచి ఇదే పద్ధతిలో తీసిన ఖాళీ నమూనా పక్కన ఉండాలి. ఇనుము ఉంటే అదీ చిక్కబడుతుంది. వాడిన గుళికలను కాల్షియం క్లోరైడ్‌లో మళ్ళీ నానబెట్టి ఇంకోసారి వాడుకోవచ్చు. ప్రతిసారీ పట్టు ఎంత తగ్గిందో రాసుకోండి.

ఈ గుళికలు అనుమానం తీర్చడానికి కూడా పనికొస్తాయి. బిళ్ళను ఆర్పిన నీళ్ళను గుళికలతో గంట ఊపి మళ్ళీ బిళ్ళ మీద వేయండి. ఈసారి వెలుగు నిలిస్తే ఆర్పింది గుళికలకు చిక్కిన లోహ అయాన్. మళ్ళీ ఆరిపోతే ఆర్పింది ఫాస్ఫేట్, ఈడీటీఏ లాంటి, గుళికలకు చిక్కనిది. గుళికలు తెల్లబారి మెత్తబడితే అదీ ఒక కబురే. ఫాస్ఫేట్, ఈడీటీఏ ఎక్కువైతే గుళికల్లోని కాల్షియాన్ని లాగి వాటిని కరిగించేస్తాయి.

ఈ జెల్‌తో చెయ్యి తిరిగాక సొంత జెలేటర్ల (జెల్ కట్టించే అణువుల) వైపు వెళ్ళొచ్చు. హైడ్రాక్సీ నాఫ్తాల్డిహైడ్‌తో చేసే ఎసిల్‌హైడ్రజోన్లు సులభం, లోహాలను పట్టే చోటూ, వెలిగే చోటూ ఒకే అణువులో ఉంటాయి. గుమికూడితే వెలిగే అణువులు, 2001లో బెన్ జాంగ్ టాంగ్ బృందం పేరుపెట్టిన రకం, జెల్‌కు సహజంగా సరిపోతాయి. ఏది చేసినా, అయాన్ వస్తే ఆరిపోయేదాని కంటే వెలిగేదాన్ని ఎంచుకోండి. ఆర్పడానికి వంద కారణాలుంటాయి, వెలిగించడానికి కొన్నే.

వ్యర్థాల కోసం రెండు డబ్బాలు ముందే పెట్టుకోండి, ఒకటి రాగికి, ఒకటి టెర్బియం, డీహెచ్‌ఎన్‌లకు. సింకులో పోయొద్దు.

బాబాయికి నిజం చెప్పాలంటే మళ్ళీ నమూనా కావాల్సి వచ్చింది. ఈసారి నేనే వెళ్ళాను. గుంట నీళ్ళు ఒక సీసా, గుంట అడుగు బురద ఒక డబ్బా తెచ్చాను. కాపర్ ఆక్సీక్లోరైడ్ నీళ్ళలో కరగదు, అడుగుకు దిగిపోతుంది. మొదటిసారి నాకు ఆ ఆలోచనే రాలేదు. నీళ్ళు బిళ్ళను ఆర్పాయి, గుళికలతో ఊపాక కూడా ఆర్పాయి, మాలిబ్డేట్‌తో నీలం వచ్చింది. పైన ఉన్నది ఫాస్ఫేట్. బురదను పలచటి ఆమ్లంతో కడిగి, వడకట్టి, అమ్మోనియా కలిపాను. ఇనుము గోధుమరంగు మడ్డిగా దిగిపోయింది. పైన తేరిన నీళ్ళు ముదురు నీలం. రాగి ఉంది, కాకపోతే బురదలో. అంకె తేల్చడానికి మట్టిలో సూక్ష్మపోషకాలు కొలిచే ఏఏఎస్ (అటామిక్ అబ్సార్ప్షన్ పరికరం) ఉన్న ల్యాబుకి పంపమన్నాను. "మరి గొర్రెలో?" అన్నాడు. గొర్రెలు గుంటలోకి దిగి తాగుతాయి, కాళ్ళతో బురద లేపుకునే తాగుతాయి. "అంకె వచ్చేదాకా అటు తోలొద్దు బాబాయ్" అన్నాను. సాయంత్రానికి గుంట చుట్టూ ముళ్ళకంప వేయించాడు.